ఎడమ చేతి క్లిక్కు

కొడుక్కి వినయ్ అని పేరు పెట్టిన నాడు రామాంజనేయులుకి ముందుచూపు లేకపోయింది. ప్రొద్దుటూరులో పుట్టి, ఇంజనీరింగ్ గట్టెక్కి, హైటెక్ సిటీలో ఆ గుండ్రటి అద్దాల భవనంలో ఐదో అంతస్తులో ఉద్యోగం సంపాదించాక, ఆ పిల్లవాడిలో పేరుకు తగిన గుణం ఏ కాస్త మిగిలినా దాన్ని లిఫ్టు దగ్గరే వదిలేసి పైకి వెళ్ళేవాడు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఊళ్ళో సాఫ్ట్‌వేర్ వాళ్ళలో సగంమంది వై టూ కే పేరు చెప్పి పాత ప్రోగ్రాముల్లో తారీఖులు దిద్దుకుంటున్నారు. స్పారో ఇంటరాక్టివ్ వారు మాత్రం ఆటల లైబ్రరీ తయారుచేసేవారు. "పుస్తకాలు అద్దెకిస్తారా నాయనా?" అని వాళ్ళమ్మ సుబ్బమ్మ ఫోన్లో అడిగితే వినయ్‌కి తల కొట్టేసినట్టయ్యేది. పుస్తకాలు కాదు. ఆట రాసేవాడు బొమ్మ, శబ్దం, కీబోర్డు, మౌస్ గొడవలేవీ పడకుండా ఒక్కసారి రాసుకుంటే, అది విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఆడేట్టు చూసే సరంజామా అది. అందులో మౌస్ భాగం వినయ్‌ది.

మౌస్‌దేముందిలే అని ఎవరైనా అంటే ఆ మాట రెండోసారి అనేవారు కాదు. మొదటిసారే వినయ్ వాళ్ళని గంటసేపు కూర్చోబెట్టి క్లాసు పీకేవాడు. అతను రాకముందు మౌస్ కదిపితే తెరమీద బాణం గుర్తు అలిగిన అల్లుడిలా బతిమాలితేగాని కదిలేది కాదు. అతనొచ్చి, మధ్యలో విండోస్‌ని అడగడం మానేసి, నేరుగా మౌస్‌నే అడిగి తెలుసుకునే పద్ధతి పెట్టాడు. బాణం పరుగులు తీసింది. ఆ రోజునుంచి వినయ్ కాళ్ళు నేలమీద లేవు.

వాటిని నేలమీదికి దింపడానికా అన్నట్టు జూన్‌లో రసజ్ఞ చేరింది.

ఆమెది థ్రెడ్ల పని. ఒకే ప్రోగ్రాము ఒకేసారి నాలుగు పనులు చేసుకునేలా విడగొట్టడాన్ని థ్రెడ్లంటారు. అంతవరకు ఆ లైబ్రరీ, వండేవాడే వడ్డించే మెస్సులా ఉండేది. బొమ్మ గీసేదాకా మౌస్ ఆగాలి, మౌస్ చూసేదాకా బొమ్మ ఆగాలి. రసజ్ఞ వంటవాణ్ణి వంటింట్లో, వడ్డించేవాణ్ణి పంక్తిలో పెట్టింది. పని బాగా జరిగింది. అదే వినయ్‌కి వచ్చిన చిక్కు.

చేరిన వారానికి ఆమె వినయ్ కుర్చీ వెనక వచ్చి నిలబడింది.

"మౌస్ వినయ్ గారంటే మీరేనా అండీ?"

వెనక్కి తిరిగాడు. పెద్ద కళ్ళు. ఆ కళ్ళలో నవ్వుందో వెటకారముందో తేల్చుకునేలోపు అసలు మాట వినడం మరిచిపోయాడు.

"ఏమన్నారు?"

"కత్తి దూయమంటే డాలు ఎత్తుతున్నాడండి."

"ఎవరు?"

"మీ యోధుడు. టెస్ట్ ఆటలో ఉన్నాడుగా. కొట్టమని బటన్ నొక్కితే డాలు అడ్డం పెట్టుకుంటున్నాడు. కాచుకోమంటే కత్తి దూస్తున్నాడు. లినక్స్‌లో బుద్ధిగానే ఉన్నాడు. విండోస్‌లోకి రాగానే తలతిక్క."

"ఇంపాజిబుల్."

"అలాగాండి? అయితే నా కళ్ళకి చెప్తాను, ఇంపాజిబుల్‌ని చూడొద్దని."

వినయ్ లేచాడు. ఆమె అతనికంటే ముందు చకచకా నడిచి తన సీటు చేరింది. అతను చేరేసరికి తెరమీద యోధుడు సిద్ధంగా ఉన్నాడు, మౌస్ కీబోర్డుకి కుడిపక్కన ఉంది. వినయ్ ఎడమ బటన్ నొక్కాడు. కత్తి. కుడి బటన్ నొక్కాడు. డాలు.

"బుద్ధిమంతుడే."

"మీరుంటే బుద్ధిమంతుడేనండి."

"నేనంటే భయం."

"భయం కాదు, మొహమాటం. మా గోదావరి జిల్లా వాడేమో."

అలా మొదలైంది. తర్వాత నెల రోజులూ అదే భాగోతం. ఆమె దగ్గర యోధుడు తిరగబడతాడు, అతనొస్తే మంచివాడైపోతాడు. జనం ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ కాబట్టి సాయంత్రం ఆరు దాటాక ఆమె కంప్యూటర్ మీదే టెస్టర్ ఓదెలు కూర్చునేవాడు. వరంగల్ వాడు, చందానగర్‌లో వినయ్‌కి రూమ్మేటు కూడా.

"నాకైతే ఒక్కపాలి గూడ రాలే అన్నా," అనేవాడు ఓదెలు. "ఆ మేడమ్‌కే ఎందుకొస్తదో ఏమో. జర ఆమెనే అడుగు."

అడగాలనే వినయ్‌కీ ఉంది. కానీ అడగాలనుకున్నవి వేరు.

అప్పుడప్పుడు వచ్చి అప్పుడప్పుడు మాయమయ్యే తప్పు ఏదైనా సరే అది థ్రెడ్లదే అని సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఒక నమ్మకం. రెండు థ్రెడ్లు ఒకేచోట చెయ్యి పెడితే ఒకడి మాట ఇంకొకడి మాటతో కలిసిపోతుంది మరి. వినయ్ ఈ సిద్ధాంతాన్ని బగ్ రిపోర్టు కింద రాసేశాడు. "మౌస్ కోడ్‌లో లోపం లేదు. కొత్తగా వచ్చిన థ్రెడ్ల వల్ల బటన్లు తారుమారు అవుతున్నాయి."

రసజ్ఞ కింద రాసింది. "బటన్ల సెట్టింగ్ ఏముందో ఒకసారి విండోస్‌ని అడిగి చూడగలరా?"

అతను రాశాడు. "విండోస్‌ని అడగకపోవడమే మన గొప్ప."

ఆమె రాసింది. "గొప్పవాళ్ళు కూడా అప్పుడప్పుడు అడిగి తెలుసుకుంటారటండి."

ఆఫీసంతా ఇది చదువుకుని టీ తాగేది. ఒకరి ఫైళ్ళలో ఇంకొకరు వేలు పెట్టకూడదని మేనేజర్ భీమేశ్వరరావు ఆజ్ఞ. లేకపోతే విండోస్‌ని అడిగే రెండు లైన్లూ రసజ్ఞ తనే రాసేసి ఊరుకునేది. కథా ఉండేది కాదు.

జులైలో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. మాదాపూర్ బండరాళ్ళమీద నీళ్ళు జారి రోడ్డుమీదికొస్తున్నాయి. చందానగర్ వెళ్ళే సెవెన్ సీటర్ ఆటోలో పదిమంది సర్దుకోవచ్చని డ్రైవర్ నమ్మకం. పదకొండో మనిషిగా వినయ్ ఎక్కాడు. పక్కన చూస్తే రసజ్ఞ. మడిచిన గొడుగు ఎడమచేత్తో పట్టుకుని, ఆ చేత్తోనే ముఖం మీద పడుతున్న జుట్టు వెనక్కి తోసుకుంటోంది. వినయ్ ఆ జుట్టును చూశాడు. ముఖాన్ని చూశాడు. వాన చినుకు ఒకటి చెంపమీద ఎంత తీరిగ్గా జారిందో కూడా చూశాడు. చూడాల్సింది తప్ప అన్నీ చూశాడు.

"మీదీ చందానగరేనా?"

"మా నాన్నగారు ఇల్లు కట్టిందక్కడే. నాకు వేరే ఊళ్ళో ఉండే అవకాశం ఇవ్వలేదండి."

"ఈమధ్య త్వరగా వెళ్ళిపోతున్నారు?"

"పెళ్ళిచూపులు. రెండయ్యాయి. రెండూ తప్పిపోయాయి."

వినయ్ గుండె ఒక్కసారి ఆగి, మూడో వాక్యం దగ్గర మళ్ళీ బయల్దేరింది. ఆ సంతోషాన్ని సానుభూతిగా మార్చడానికి కొత్తగూడ దాటేదాకా పట్టింది.

"అయ్యో. ఎందుకని?"

"ఏముందండి. వాళ్ళకీ నా థ్రెడ్లు నచ్చలేదు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. గొడుగు కుడిచేతిలోకి మార్చుకుని బయటికి చూస్తూ కూర్చుంది. తన మాటలు ఆమెకు ఎక్కడో తగులుతున్నాయని వినయ్‌కి మొదటిసారి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చింది గాని, బగ్ రిపోర్టులో రాసింది కొట్టెయ్యాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

మరుసటి వారం భీమేశ్వరరావు అందర్నీ పిలిచాడు. ఆయన రసజ్ఞ తండ్రి నరసింహమూర్తికి పాత స్నేహితుడు. ప్రాజెక్టులు కుదరకపోయినా ఫరవాలేదు గాని సంబంధాలు కుదర్చాలన్న పట్టుదల గల మనిషి. రసజ్ఞకి వచ్చిన సంబంధాలు రెండూ ఆయన తెచ్చినవే.

"సోమవారం ఫిన్లాండ్ వాళ్ళకి డెమో," అన్నాడు. "వాళ్ళ ముందు కత్తి దూయమంటే డాలు ఎత్తితే మన పరువు పోతుంది. వినయ్ చెప్పేదాన్నిబట్టి ఇది థ్రెడ్ల తలనొప్పి. తీసేద్దాం. పాత పద్ధతికే పోదాం. అమ్మాయ్ రసజ్ఞా, నువ్వేం బెంగపెట్టుకోకు. నిన్ను వై టూ కే ప్రాజెక్టులో వేయిస్తాను. అక్కడ తారీఖులు దిద్దడమే, టెన్షన్ ఉండదు."

రసజ్ఞ ఏదో అనబోయింది. భీమేశ్వరరావు ముఖం చూసింది. ఊరుకుంది.

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే పిల్ల అలా ఊరుకోవడం వినయ్ చూడలేకపోయాడు. గెలిచాడు. గెలిచినవాడికి అన్నం సయించకపోవడం అతనెక్కడా వినలేదు. వై టూ కే వాళ్ళు కూర్చునేది వేరే అంతస్తు. రేపటినుంచి "మౌస్ వినయ్ గారూ" అని వెనక నిలబడేవాళ్ళుండరు.

ఆ సాయంత్రమే రసజ్ఞకి మూడో పెళ్ళిచూపులు. ఇంటినుంచి ఫోనొస్తే కంప్యూటర్ ఉన్నదున్నట్టు వదిలేసి పరుగెత్తింది. ఆరింటికి ఓదెలు వచ్చి కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో కేకలు.

"అన్నా! గీ మౌస్‌కు ఏమైందే? ఏడ నొక్కినా మెనూ దిగుతుంది. వైరసా ఏంది?"

వినయ్ వచ్చి నొక్కాడు. నిజమే. ఎడమ బటన్ నొక్కితే కుడి బటన్ పని, కుడి బటన్ నొక్కితే ఎడమ బటన్ పని. సెట్టింగ్ తెరిచాడు. అందులో "ఎడమచేతివాటం వారికి" అన్నచోట చుక్క పెట్టి ఉంది.

అప్పుడు బల్ల చూశాడు. మౌస్ కీబోర్డుకి ఎడమపక్కన ఉంది. దాని కింద వేసే ప్యాడ్ కూడా అటువైపే ఉంది. కాఫీ కప్పు గుర్తులు అటువైపే. పెన్ను అటువైపే.

"అరెరే," అన్నాడు ఓదెలు. "మేడమ్‌ది ఎడమ చెయ్యానే? రోజూ పొయ్యేటప్పుడు మళ్ల మార్చి పోతుండెనేమో. నాకేమెరుక."

వినయ్ కుర్చీలో కూలబడ్డాడు. ఎడమచేతివాటం వాళ్ళకోసం బటన్లు అటుదిటు చేసేది విండోస్. ఆ విండోస్‌ని అడగడమే చిన్నతనం అనుకున్నది తను. లినక్స్‌లో అడుగుతున్నారు కాబట్టి అక్కడ సరిగ్గా ఉంది. తను వచ్చేలోపే ఆమె మౌస్‌నీ సెట్టింగ్‌నీ కుడిచేతికి మార్చేస్తుంటే యోధుడు బుద్ధిమంతుడవక ఏమవుతాడు? "విండోస్‌ని అడిగి చూడగలరా" అని ఆమె మర్యాదగా చెప్పింది, తను గొప్పలు పోయాడు. నెలరోజులు ఆ సీటు చుట్టూ గానుగెద్దులా తిరిగి, ఆమె కళ్ళెప్పుడు ఇటు తిరుగుతాయా అని చూసినవాడు ఒక్కసారైనా ఆమె చెయ్యి చూడలేదు.

విండోస్‌ని అడగడానికి రెండు లైన్లు పట్టింది. అవి రాసేటప్పుడు వినయ్ చెవులు ఎర్రగా ఉన్నాయని ఓదెలు తర్వాత చాలామందికి చెప్పాడు.

కానీ ఆమె ఎందుకు దాచింది? అదీ ఓదెలే తేల్చాడు. "రావు సార్ ముంగట చెప్తే ఇంటికి తెలుస్తది, సంబంధాలోళ్ళకు తెలుస్తది. మా చిన్నమ్మకు గిట్లనే అయింది. ఎడమ చేత్తోని వడ్డించిందని ఎంత లొల్లి చేసిన్రో."

పొద్దున్నే వినయ్ భీమేశ్వరరావు గదిలోకి వెళ్ళాడు. రసజ్ఞ అప్పటికే అక్కడ థ్రెడ్ల కాగితాలు అప్పగిస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మూడోది కూడా తప్పిపోయినట్టుంది.

"సార్, థ్రెడ్లు తీసెయ్యొద్దు. తప్పు నాది."

భీమేశ్వరరావు కళ్ళజోడు తీశాడు. వినయ్ నోట ఆ మాట వింటానని ఆయన అనుకోలేదు. "నీదా?"

"ఎడమచేతివాటం వాళ్ళు బటన్లు మార్చుకుంటే నా కోడ్ పట్టించుకోదు సార్. రాత్రి దిద్దాను. ఇప్పుడు సరిగ్గా ఉంది."

"మంచిదే. మరి ఇంతకాలం తెలియంది ఇప్పుడెలా తెలిసిందయ్యా? మన ఆఫీసులో ఎడమచెయ్యి వాళ్ళెవరున్నారు?"

రసజ్ఞ చేతిలో కాగితాలు కదలడం ఆగిపోయింది. వినయ్ ఆమెవైపు చూడలేదు. చూస్తే దొరికిపోతాడు.

"నేనే సార్. నాదే ఎడమచెయ్యి."

ఆ రోజునుంచి మొదలైంది వినయ్ అవస్థ. మౌస్‌ను ఎడమపక్కకు మార్చక తప్పలేదు. ఫిన్లాండ్ వాళ్ళ డెమోలో యోధుడు దివ్యంగా కత్తి దూశాడు గాని, వినయ్ ఎడమచేత్తో ఆడించేసరికి గోడలకి గుద్దుకున్నాడు. మన దేశంలో ఎడమచేతివాళ్ళు ఇంత బలహీనులా అని ఫిన్లాండ్ వాళ్ళు అనుకుని ఉంటారు. థ్రెడ్లు మాత్రం నిలిచాయి. రసజ్ఞ అదే అంతస్తులో మిగిలింది.

డెమో అయిన మధ్యాహ్నం, వరండా అద్దాల దగ్గర ఆమె అతన్ని పట్టుకుంది. బయట సన్నగా వాన.

"ఎవరడిగారండి మిమ్మల్ని?"

"ఏమని?"

"నా చెయ్యి మీదని చెప్పమని. జాలా?"

"జాలి కాదు."

"మరేంటి, త్యాగమా? దాచుకోవడం నాకు రాదనుకున్నారా? ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. మా అమ్మ కంచం దగ్గర కర్ర పెట్టుకుని కూర్చునేది. కుడిచేత్తో కాఫీ ట్రే పట్టుకుంటే నాకు చెయ్యి వణుకుతుంది. మొదటివాళ్ళకి సాసర్ నిండా ఒలికింది, పిల్ల పనిమంతురాలు కాదన్నారు. రెండోవాళ్ళ పంచెమీదే పోశాను. మొన్న ఒలకకూడదని తెలియకుండానే ఎడమచేత్తో ఇచ్చేశాను. పుర్రచెయ్యి పిల్లట, అచ్చిరాదట, లేచిపోయారు." ఒక అడుగు ముందుకేసింది. "అయినా నెలరోజులు నా సీటు చుట్టూ ప్రదక్షిణాలు చేశారుగా. ఏం చూశారు?"

"మిమ్మల్నే."

జవాబు ఇంత తొందరగా వస్తుందని ఆమె అనుకోలేదు. అద్దంమీద చినుకులు చూసింది.

"బగ్ ఎక్కడుందో కనిపించలేదు గాని, ఇది మాత్రం కనిపించిందన్నమాట."

"రసజ్ఞ గారూ, మా అమ్మానాన్నలని పంపిస్తాను. మీకు ఇష్టమైతేనే."

ఆమె అద్దంమీదనుంచి చూపు అతనివైపు తిప్పింది. తర్వాత మెల్లగా అంది. "ఇష్టమే. మీరు నన్ను తిట్టినప్పుడు కూడా ఇష్టమే, అది నా ఖర్మ. కానీ ఒక్క మాట. మీ అమ్మగారికి ముందే చెప్పాలి. ఇంకో ట్రే పట్టుకుని వణకడం నావల్ల కాదండి. కోడ్‌లో చోటిచ్చారు సరే. ఇంట్లో ఇస్తారా?"

"ఇస్తాను. ఈ రోజే ఫోన్ చేసి చెప్తాను."

ఆ రోజు ఫోన్ చేశాడు. వానలెలా ఉన్నాయని అడిగాడు. మరునాడు చేశాడు. గేదె ఈనిందా అని అడిగాడు. విండోస్‌ని పక్కకు నెట్టిన వీరుడికి సుబ్బమ్మతో నాలుగు ముక్కలు చెప్పడానికి నోరు పెగల్లేదు. ఎవరి ధైర్యం ఎక్కడ చాలుతుందో చెప్పలేం.

రసజ్ఞ రోజూ అడిగేది, "చెప్పారా?" అని. "చెప్పినట్టే," అనేవాడు. చెప్పడానికి, చెప్పినట్టుకి మధ్య ఎంత దూరముందో ఆమెకు తెలియక కాదు. నమ్మాలనిపించి నమ్మింది.

ఈలోగా భీమేశ్వరరావు రంగంలోకి దిగాడు. కుర్రవాడు తన ఆఫీసువాడే, కులగోత్రాలు కలిశాయి, ఇక చెప్పేదేముంది. చందానగర్ వెళ్ళి రసజ్ఞ తల్లి అమ్మణ్ణికి అన్నీ చెప్పాడు. చివర్లో, దాపరికమెందుకని, కుర్రవాడిది ఎడమచేతివాటం అని కూడా చెప్పాడు.

అమ్మణ్ణి గుండెమీద చెయ్యి వేసుకుంది. సొంత కూతురి పుర్రచేతిని ఇన్నేళ్ళు లోకం కంట పడకుండా కాపాడిన ఇల్లాలు, అల్లుడి చెయ్యి దగ్గర మాత్రం ససేమిరా అంది. "ఏవండీ, పుర్రచెయ్యి కుర్రాడికిచ్చి గొంతు కోస్తామా పిల్లకి?"

నరసింహమూర్తి ప్రభుత్వోద్యోగి. ఫైలు వెనక్కి పంపే ముందు ఒకసారి చూడాలన్నది ఆయన సర్వీసు నేర్పిన నీతి. "రానీ, చూద్దాం," అన్నాడు.

ఆదివారం వచ్చారు. రామాంజనేయులు తెల్లచొక్కా, సుబ్బమ్మ పట్టుచీర, వినయ్ ముఖాన చెమట. భీమేశ్వరరావు మధ్యలో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. అమ్మణ్ణి పలహారం పళ్ళేలు తెచ్చిపెట్టి, కదలకుండా వినయ్ చేతులకేసి చూస్తూ నిలబడింది. ప్లేటులో మైసూర్‌పాకు. కుడిచేత్తో తీసుకుంటే అబద్ధాలకోరు. ఎడమచేత్తో తీసుకుంటే సుబ్బమ్మ అక్కడే వీపు విమానం మోత మోగిస్తుంది. వినయ్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆకలి లేదన్నాడు.

"మొహమాటపడకండి బాబూ," అంది అమ్మణ్ణి. "మీకు ఏ చెయ్యి వాటమో ఆ చేత్తోనే తీసుకోండి. ఎడమచెయ్యని భీమేశ్వరరావు గారు చెప్పారులెండి."

సుబ్బమ్మ తల తిప్పింది. "ఎవురిది? మా వోనిదా? ఎవురు చెప్పినారమ్మా మీకు? వాడు పుట్టినప్పట్నించి కుడిచేత్తోనే గదా తింటాండేది."

"మరి నాతో చెప్పాడే!" అన్నాడు భీమేశ్వరరావు.

"ఏమిరా?" అంది సుబ్బమ్మ కొడుకుతో.

లోపలి గడప దగ్గర రసజ్ఞ కాఫీ ట్రేతో నిలబడి ఉంది. సుబ్బమ్మ ఆశ్చర్యం ఆమె వింది. ఈ ఇంటికి రాకముందే తెలిసి ఉండాల్సిన మనిషికి ఏమీ తెలియదని ఆమెకు అర్థమైంది. అలా అర్థం కావడం వినయ్ చూశాడు. వాన చినుకు కాదు ఈసారి చెంపమీద జారింది.

ఇప్పుడు నోరు విప్పకపోతే ఈ జన్మకిక లేదని వినయ్‌కి తెలిసింది. లేచి నిలబడ్డాడు.

"అబద్ధం చెప్పినాను మా. నాది కాదు ఎడమచెయ్యి. ఒకరు ఇబ్బంది పడకూడదని ఆఫీసులో నాదని చెప్పినా. ఆ నిజం నీకు ముందే చెప్తానని మాటిచ్చినా. రోజూ ఫోన్ చేసి గేదె గురించి అడిగినా గాని, ఇది చెప్పలేకపోయినా. భయపడినా. తప్పు నాదే."

"ఎవురు ఇబ్బంది పడేది?"

వినయ్ నోరు మూసుకున్నాడు. అది తను చెప్పాల్సిన మాట కాదు.

"నేనండి," అంది రసజ్ఞ. లోపలికి వచ్చింది. ట్రే బల్లమీద పెట్టింది. కుడిచెయ్యి వణుకుతోంది, అప్పటికే రెండు సాసర్లలో కాఫీ ఉంది. "ఎడమచేతివాటం నాది. రాసేది దాంతోనే, ఉద్యోగం చేసేది దాంతోనే. అన్నం మాత్రం అమ్మకోసం కుడిచేత్తో తింటాను. చెప్పకుండా ఈ సంబంధం నాకు వద్దండి."

అమ్మణ్ణి కళ్ళు మూసుకుంది. నరసింహమూర్తి కిటికీకేసి చూశాడు. భీమేశ్వరరావు నాలుగో సంబంధం కూడా పోయిందని వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

సుబ్బమ్మ రసజ్ఞని ఎగాదిగా చూసింది. ఆ చూపు వంకాయలు ఏరేటప్పటి చూపే, అందులో ఏ మార్పూ లేదు.

"ఇంతేనా?" అంది. "దీనికా ఇంత రాద్ధాంతం? యా చెయ్యయితే ఏమమ్మా. మా వోనికి రెండు చేతులుండాయి. రెండిట్లో ఒగదానికీ పని రాదు. నీది ఒగటన్నా పనిచేస్తాంది గదా."

రామాంజనేయులు భళ్ళున నవ్వాడు. ఆయనకి ఈ విషయంలో సొంత అనుభవం కూడా ఉండొచ్చు.

"నిజం చెప్పే ధైర్యముండే పిల్ల కావాల మా ఇంటికి," అంది సుబ్బమ్మ. "మాకుండేదేమో గేదె గురించి అడిగే మొగోడు."

వినయ్ తల దించుకున్నాడు. ఈసారి పేరుకు తగ్గట్టే ఉన్నాడు.

రసజ్ఞ కన్నీళ్ళు తుడుచుకోలేదు. అలవాటుగా కుడిచెయ్యి కప్పుకేసి చాపింది. అది ఇంకా వణుకుతూనే ఉంది. అమ్మణ్ణి ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆమె పట్టుకుని ఆపింది రెండో చేతిని. ఇప్పుడు ఆ ఎడమచేతికేసి తల ఊపింది.

"ఆ చేత్తోనే ఇవ్వవే," అంది. "ఒలక్కుండా ఇస్తావు."

రసజ్ఞ అమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత ఎడమచేత్తో కప్పు తీసి సుబ్బమ్మకి అందించింది. చుక్క ఒలకలేదు. రామాంజనేయులుకిచ్చింది. భీమేశ్వరరావుకిచ్చింది. ఆయన కప్పు అందుకుంటూ, "అయితే ఆ బగ్గు మొదట పట్టుకుంది నువ్వేనన్నమాట," అన్నాడు, ఆలస్యంగానైనా.

ఆఖరి కప్పు వినయ్ దగ్గరికి వచ్చింది. "మీతో మాట్లాడను," అంది రసజ్ఞ, అతనికి మాత్రమే వినపడేలా.

"ఎన్నాళ్ళు?"

"కాఫీ తాగేదాకా."

వినయ్ వేడివేడి కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. నాలుక కాలింది.